సైట్ పెట్టి ఆరు నెలలైంది, గూగుల్‌లో కనపడట్లేదు

ప్రశ్న: సైకిల్ రిపేర్ల మీద ఒక వెబ్‌సైట్ పెట్టి ఆరు నెలలైంది. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నేనే తయారు చేసుకున్నాను. నలభై దాకా వ్యాసాలు రాశాను. ‘చైన్ కథ’, ‘బ్రేకుల గురించి నాలుగు మాటలు’ ఇలా ఉంటాయి శీర్షికలు. అన్నీ నా చేత్తో చేసిన రిపేర్లే, ఫొటోలూ నేను తీసినవే. కానీ గూగుల్‌లో ఎంత వెతికినా నా సైట్ కనపడదు. రోజుకు ముగ్గురో నలుగురో చూస్తారు, వాళ్లూ నా స్నేహితులే. కీవర్డ్, అంటే జనం వెతికే మాట, ఒక్కో వ్యాసంలో ఇరవైసార్లు రావాలని ఒకరంటారు, రోజూ పోస్టు పెట్టాలని ఇంకొకరంటారు. ఈ మధ్య ఒక సంస్థవాళ్లు ఫోన్ చేసి, ప్యాకేజీ తీసుకుంటే 30 రోజుల్లో మొదటి పేజీకి తెస్తాం, 500 బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి నా సైట్‌కి లింకులు, ఇస్తాం అన్నారు. వారంలో తేల్చి చెప్పాలట. తీసుకోమంటారా? ఏఐతో వ్యాసాలు రాయించి సంఖ్య పెంచితే మేలా? నా డొమైన్ పేరులో, అంటే సైట్ చిరునామాలో, సైకిల్ అనే మాటే లేదు, అది కూడా మార్చాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: వారం గడువు పెట్టారు కాబట్టి ముందు ఆ ప్యాకేజీ సంగతి చెప్పేస్తాను. తీసుకోకండి. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసి పెట్టింది. డబ్బు తీసుకుని ఏ సైట్‌నీ మామూలు ఫలితాల్లో పైకి తేవడం జరగదని కూడా చెప్పింది. ప్రకటనలు వేరు, అవి డబ్బు కడితే వస్తాయి, ప్రకటన అని తెలిపే గుర్తుతోనే వస్తాయి. ఆ 500 లింకుల గురించి కాస్త ఆగి మాట్లాడుకుందాం.

ఇక అసలు విషయం. మీ ఉత్తరమంతా చదివాక కూడా నాకు ఒక్క సంగతి తెలియలేదు. మీ పేజీలు గూగుల్ దగ్గర ఉన్నాయా, లేవా? ‘కనపడట్లేదు’ అన్నప్పుడు అది రెండు రకాలుగా ఉండొచ్చు. మీ పేజీలు గూగుల్‌కి అసలు తెలియకపోవచ్చు. లేదా తెలిసినా ఎవరూ చూడనంత వెనక ఉండిపోయి ఉండొచ్చు. మొదటి సమస్య ఒక్కోసారి ఐదు నిమిషాల్లో తీరిపోతుంది. రెండోదానికి నెలల తరబడి పని ఉంటుంది. మీది ఏ సమస్యో తేలకుండా ఎవరి సలహా పాటించినా చీకట్లో తడుముకోవడమే. మీ స్నేహితులు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు గానీ, వాళ్లు కూడా ఇది చూడకుండానే చెప్పారు.

గూగుల్ పని ఎలా సాగుతుందో రెండు ముక్కల్లో చెబుతాను, తర్వాతి మాటలన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాం ఒక పేజీలోని లింకులు పట్టుకుని ఇంకో పేజీకి వెళ్తూ వెబ్ అంతా తిరుగుతుంటుంది. దీన్ని క్రాలింగ్ అంటారు. చూసిన పేజీ దేని గురించో అర్థం చేసుకుని, దాచుకోదగ్గదైతే తన ఇండెక్స్‌లో రాసుకుంటుంది. పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చూపించే పట్టిక ఉంటుంది చూడండి, అలాంటిదే మహా పెద్దది. మనం ఏదైనా వెతికినప్పుడు గూగుల్ ఆ ఇండెక్స్‌లో చూసి, పనికొచ్చే పేజీలను వరుసపెట్టి ఇస్తుంది. అంటే ఇండెక్స్‌లో లేని పేజీకి ర్యాంకు అన్న ప్రసక్తే లేదు.

కాబట్టి ఈ రోజే ఒక పని చేయండి. గూగుల్ సెర్చ్ పెట్టెలో ఇంగ్లిష్‌లో సైట్ అని టైప్ చేసి, పక్కనే కోలన్ పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు రాసి వెతకండి. గూగుల్ దగ్గరున్న మీ పేజీలు వరుసగా వస్తాయి. లెక్క అచ్చంగా ఉండదు, అయినా ఏమైనా ఉన్నాయా లేదా అన్నది తెలిసిపోతుంది.

ఒక్కటీ రాలేదనుకోండి. వర్డ్‌ప్రెస్ డ్యాష్‌బోర్డులో సెట్టింగ్స్‌కి వెళ్లి ‘రీడింగ్’ అనే పేజీ తెరవండి. అడుగున ‘డిస్కరేజ్ సెర్చ్ ఇంజిన్స్’ అంటూ మొదలయ్యే ఒక చెక్‌బాక్స్ ఉంటుంది. దానికి టిక్ ఉంటే, ‘నన్ను ఇండెక్స్‌లో పెట్టుకోవద్దు’ అనే ఆదేశం మీ పేజీలన్నింటిలోనూ చేరుతుంది. దాన్నే నోఇండెక్స్ అంటారు. సైట్ తయారవుతుండగా సగం సగం పేజీలు బయటపడకూడదని ఆ టిక్ పెట్టుకుంటారు, తర్వాత తీయడం మరచిపోతారు. మీ ఆరు నెలల కష్టానికీ పాఠకులకూ మధ్య అడ్డుగా ఉన్నది ఆ ఒక్క టిక్కే కావచ్చు. ఉంటే తీసేసి, సేవ్ చేయండి. ఎస్‌ఈఓ ప్లగిన్, అంటే సెర్చ్‌లో సైట్ బాగా కనపడేందుకు వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే అదనపు ప్రోగ్రాం, ఏదైనా పెట్టుకుని ఉంటే దానిలోనూ ఇలాంటి సెట్టింగే ఉంటుంది, అదీ చూడండి.

అలాగే బ్రౌజర్‌లో మీ డొమైన్ పేరు తర్వాత స్లాష్ పెట్టి రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అని కొట్టండి. చిన్న ఫైల్ తెరుచుకుంటుంది. అందులో గూగుల్‌బాట్ లాంటి అన్ని బాట్‌లకూ వర్తించేలా ‘డిసలౌ’ అని రాసి, దాని పక్కన స్లాష్ గుర్తు ఒక్కటే ఉంటే, సైట్ మొత్తాన్నీ చదవొద్దని మీరే చెప్పినట్టు. వర్డ్‌ప్రెస్ మామూలుగా తన అడ్మిన్ భాగాన్ని మాత్రమే అలా మూసి ఉంచుతుంది, అది సరైనదే.

తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఖాతా తెరవండి. మీ సైట్ గూగుల్‌లో ఎలా ఉందో మీకు చూపించే సాధనం అది. ఉచితం. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు, అందుకే గట్టిగా చెబుతున్నాను. సైట్ మీదేనని రుజువు చేయడానికి డొమైన్ సెట్టింగుల్లో ఒక రికార్డు చేర్చమంటుంది, లేదా వాళ్లిచ్చే చిన్న ఫైల్‌ని సైట్‌లో పెట్టమంటుంది. ఏదో ఒకటి చేస్తే చాలు. రికార్డు ఎక్కడ చేర్చాలో తెలియకపోతే డొమైన్ కొన్నచోట అడగండి, వాళ్లకు ఇది రోజూ ఉండే పనే. వర్డ్‌ప్రెస్ 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి సైట్‌మ్యాప్‌ని, అంటే సైట్‌లోని పేజీల జాబితాని, తనే తయారు చేస్తోంది. దాని చిరునామా సెర్చ్ కన్సోల్‌లో ఒకసారి ఇచ్చేయండి. దానివల్ల ర్యాంకు పెరగదు, ఉన్న పేజీలన్నీ గూగుల్‌కి తెలుస్తాయి, అంతే.

సెర్చ్ కన్సోల్‌లో ‘పేజెస్’ అనే రిపోర్టు ఉంటుంది. ఏ పేజీ ఇండెక్స్‌లో ఉంది, ఏది లేదు, ఎందుకు లేదు అన్నది అక్కడ కనపడుతుంది. అందులో రెండు మాటలు చూసి చాలామంది కంగారు పడతారు. ‘డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అని ఉంటే, పేజీ ఉందని గూగుల్‌కి తెలుసు గానీ ఇంకా వచ్చి చదవలేదని అర్థం. కొత్త సైట్లకు ఇది మామూలే. ‘క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అని ఉంటే, వచ్చి చదివింది, ప్రస్తుతానికి పెట్టుకోలేదని అర్థం. ఈ రెండోదాని విషయంలో ఆలోచించాలి. ఆ పేజీలో సరుకు పలచగా ఉందా, మీదే ఇంకో వ్యాసంలో ఉన్న సంగతే మళ్లీ రాశారా అని చూసుకోండి. ఇండెక్స్ చేయమని అడిగే బటన్ కూడా ఉంది. ఒక పేజీకి ఒకసారి నొక్కితే సరిపోతుంది, పదిసార్లు నొక్కినా పని తొందరగా అవ్వదు.

గూగుల్‌బాట్ లింకులు పట్టుకుని తిరుగుతుందన్నాను కదా. మీ నలభై వ్యాసాల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి లింకులు ఉన్నాయా? పాత పోస్టులు ఎక్కడో అడుగుకి జారిపోయి, వాటికి ఏ పేజీ నుంచీ దారి లేకపోతే బాట్‌కే కాదు, మనుషులకూ దొరకవు. చైన్ వ్యాసంలో గేర్ల ప్రస్తావన వచ్చిన చోట గేర్ల వ్యాసానికి లింకు ఇవ్వండి. ఆ లింకు మీద ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అని కాకుండా ‘గేర్ కేబుల్ బిగించే పద్ధతి’ అని రాయండి. నొక్కితే ఏం వస్తుందో చదివేవాళ్లకీ, గూగుల్‌కీ ఆ మాటల్లోనే తెలుస్తుంది.

పేజీలు ఇండెక్స్‌లో ఉన్నాయి, అయినా ఎవరూ రావట్లేదు అనుకుందాం. మీ శీర్షికలు చూస్తే నాకు కారణం కొంత అర్థమవుతోంది. ‘చైన్ కథ’ అందమైన పేరే. కానీ సైకిల్ ఆగిపోయి, చేతికి గ్రీజు అంటుకుని, ఫోన్‌లో వెతికే మనిషి ‘చైన్ కథ’ అని టైప్ చేయడు. ‘తొక్కుతుంటే సైకిల్ చైన్ జారిపోతోంది’ అని కొడతాడు. ‘చైన్ ఎప్పుడు మార్చాలి’ అని కొడతాడు. తన కష్టాన్ని తన మాటల్లోనే రాస్తాడు. రోజూ తమ దగ్గరికొచ్చే సెర్చ్‌లలో 15 శాతం అంతకుముందు ఎన్నడూ చూడనివే ఉంటాయని గూగుల్ చాలాసార్లు చెప్పింది. కాబట్టి అక్షరం అక్షరం కలవాలని చూడక్కర్లేదు. గూగుల్ ఇప్పుడు భావాన్ని చాలావరకు పట్టుకుంటుంది. అయితే ఆ ప్రశ్నకు జవాబు మీ పేజీలో ఉందని శీర్షికా, మొదటి పేరా చెప్పాలి.

మీ ‘చైన్ కథ’లో బహుశా అన్నీ ఉండి ఉంటాయి. చైన్ ఎందుకు జారుతుంది, ఎలా శుభ్రం చేయాలి, ఎప్పుడు మార్చాలి, అన్నీ ఒకేచోట. దాన్ని విడదీయండి. ఒక్కటి తీసుకుని చూపిస్తాను. ‘సైకిల్ చైన్ మార్చాల్సిన సమయం వచ్చిందా? స్కేలుతో కొలిచి తెలుసుకోండి’ అని శీర్షిక పెట్టండి. మొదటి పేరాలోనే జవాబు ఇచ్చేయండి. చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి అర అంగుళం. కొత్త చైన్‌ని బిగువుగా లాగి కొలిస్తే 24 అర అంగుళాలు కలిసి సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. పిన్ను 12 అంగుళాల గీతని దాటి అంగుళంలో పదహారో వంతు ముందుకెళ్లిందంటే చైన్ మార్చే సమయం వచ్చినట్టే. ఎనిమిదో వంతు దాకా వెళ్లిందంటే వెనక పళ్ల చక్రాలు కూడా అరిగిపోయి ఉండొచ్చు. ఆ కింద, స్కేలు చైన్ మీద ఎలా పెట్టారో మీరు దగ్గరగా తీసిన ఫొటో. అరిగిన చైన్‌దొకటి, కొత్తదానిదొకటి. ఆ తర్వాత మీ వివరణ, మీ అనుభవం. వచ్చినవాడికి ఒక్క నిమిషంలో పని అయిపోతుంది. మిగతాది ఆసక్తి ఉంటే చదువుకుంటాడు.

ఇలాంటి పేజీ రాయగలిగినవాళ్లు తక్కువ. మీరు రాయగలరు, ఎందుకంటే ఆ స్కేలు పట్టుకున్నది మీరే. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట కూడా అదే, ‘నా చేత్తో చేసిన రిపేర్లే’ అన్నారు. ఫలితాల నాణ్యతను బేరీజు వేసేవాళ్ల కోసం గూగుల్ రాసిన మార్గదర్శకాల్లో, నైపుణ్యం, అధికారం, నమ్మకం అన్నవాటికి 2022 డిసెంబరులో స్వానుభవాన్ని కూడా చేర్చారు. మీ పరిచయం పేజీలో మీరెవరో, ఎన్నాళ్లుగా ఈ పని చేస్తున్నారో రాయండి. దాచుకోవాల్సింది ఏముంది?

శీర్షిక విషయంలో ఇంకో రెండు మాటలు. ప్రతి పేజీకీ వేరే టైటిల్ ఉండాలి. హోమ్‌పేజీ టైటిల్ ‘హోమ్’ అనే ఉండిపోయిందేమో చూసుకోండి, చాలా సైట్లలో అలాగే ఉండిపోతుంది. ముఖ్యమైన మాటలు ముందు రావాలి, ఎందుకంటే టైటిల్ పొడవైతే ఫలితాల్లో చివర తెగిపోతుంది. కింద రెండు లైన్లలో కనపడే వివరణని మెటా డిస్క్రిప్షన్ అంటారు. దాన్నిబట్టి ర్యాంకు మారదు గానీ, చదివినవాళ్లు నొక్కాలా వద్దా అని నిర్ణయించుకునేది దాన్ని చూసే. గూగుల్ ఒక్కోసారి దాన్ని పక్కనపెట్టి పేజీలోంచి వేరే వాక్యాలు తీసుకుంటుంది, కంగారు పడకండి. మెటా కీవర్డ్స్ అనే పెట్టెను మాత్రం ఖాళీగా వదిలేయండి. ర్యాంకింగ్‌కి దాన్ని వాడట్లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

ఇరవైసార్లు కీవర్డ్ అన్న సలహా కూడా ఆ కాలానిదే. ఇన్నిసార్లు రావాలనే లెక్కేమీ లేదు. అవసరం లేకుండా అదే మాట కుక్కితే గూగుల్ దాన్ని స్పామ్ కింద చూస్తుంది, చదివేవాళ్లకి చిరాకు సరేసరి. వ్యాసం ఇన్ని పదాలుండాలనే నియమం కూడా లేదు. రోజూ పోస్టు పెట్టనక్కర్లేదు. చెప్పడానికి ఏదైనా ఉన్నప్పుడు రాయండి. కొత్తది రాయని వారం ఒక పాత వ్యాసాన్ని పైన చెప్పినట్టు సరిచేయండి. ఇప్పుడు మీకు కొత్త వ్యాసాలకన్నా అదే ఎక్కువ ఉపయోగం.

సాంకేతిక విషయాల్లో మీరు చూసుకోవాల్సింది నిజానికి కొంచెమే. గూగుల్ ఇప్పుడు సైట్ల మొబైల్ రూపాన్నే చదివి ఇండెక్స్ చేస్తోంది, కాబట్టి మీ సైట్‌ని మీ ఫోన్‌లో తెరిచి, అక్షరాలు చదవగలుగుతున్నారా, బటన్లు వేలికి అందుతున్నాయా అని చూడండి. చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవ్వాలి. పేజీలో పెద్దగా కనపడే భాగం రెండున్నర సెకన్లలోపు వచ్చేస్తే మంచిదని గూగుల్ కొలమానం. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ వేగ పరీక్షలో మీ చిరునామా ఇస్తే ఎంత పడుతోందో చెబుతుంది. మీలాంటి సైట్‌కి ఆలస్యం సాధారణంగా ఫొటోల వల్లే. ఫోన్‌తో తీసిన ఫొటోని ఉన్నదున్నట్టు ఎక్కించకుండా, పేజీలో కనపడే సైజుకి తగ్గించి ఎక్కించండి. ప్రతి ఫొటోకీ ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫొటోలో ఏముందో చెప్పే మాటలు, రాయండి, ‘ఫొటో 3’ అని కాకుండా ‘అరిగిన చైన్‌ని స్కేలుతో కొలుస్తున్న దృశ్యం’ అని. చూపు లేనివాళ్లకి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది ఆ మాటలే, ఈ ఒక్క కారణం చాలు రాయడానికి. పేజ్‌స్పీడ్ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకోవాలని మాత్రం రాత్రులు మేల్కోకండి.

రెండు మూడు నెలలు గడిచాక సెర్చ్ కన్సోల్‌లో ‘పర్ఫార్మెన్స్’ రిపోర్టు తెరవండి. జనం ఏ మాటలు వెతికితే మీ పేజీ కనపడింది, ఎన్నిసార్లు కనపడింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నీ అందులో ఉంటాయి. ఒక ప్రశ్నకు మీ పేజీ ఎనిమిదో స్థానంలో వందలసార్లు కనపడినా ఇద్దరే నొక్కారనుకోండి. పేజీని గూగుల్ మెచ్చింది, శీర్షిక మనుషుల్ని ఆపలేకపోతోంది. శీర్షిక మార్చండి. అదే నలభయ్యో స్థానంలో ఉంటే శీర్షికతో పనవ్వదు, జవాబునే ఇంకా బాగా రాయాలి. ఒక్కోసారి మీరు రాయని ప్రశ్న కూడా ఆ జాబితాలో కనపడుతుంది. అదే మీ తర్వాతి వ్యాసం. మార్పు చేశాక కొన్ని వారాలు ఆగండి. కొన్ని మార్పుల ఫలితం గంటల్లో కనపడుతుంది, కొన్నింటికి నెలలు పడుతుంది. రోజూ ర్యాంకు చూసుకుంటూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇప్పుడు ఆ 500 లింకులు. వాటి వెనకున్న ఆలోచన ఎక్కడిదంటే, గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గే బ్రిన్ 1998లో పేజ్‌ర్యాంక్ పద్ధతిని వివరించారు. ఒక పేజీకి ఇతర పేజీలు లింకు ఇస్తున్నాయంటే అది విలువైనదని లెక్క, లింకు ఇచ్చే పేజీకి ఎంత విలువుంటే దీనికి అంత బలం. ఈ సూత్రం తెలియగానే లింకుల వ్యాపారం పుట్టుకొచ్చింది. దాన్ని అరికట్టడానికి గూగుల్ 2012లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. 2016 నుంచి అలాంటి లింకుల్ని చాలావరకు లెక్కలోకే తీసుకోకుండా వదిలేస్తోంది. అంటే మీరు డబ్బు పోసి కొన్న 500 లింకుల్లో ఎక్కువభాగం గాల్లో కలిసిపోతాయి. ఇంకా మొండిగా చేస్తే గూగుల్‌లోని మనుషులే చూసి సైట్ మీద చర్య తీసుకోవచ్చు, అప్పుడు పేజీలు ఫలితాల్లోంచే మాయమవుతాయి. అక్కణ్నుంచి తేరుకోవడం చాలా కష్టం. ఆ వ్యాపారం చేసేవాళ్లు అప్పటికి ఫోన్ ఎత్తరు. ఆరు నెలలు కష్టపడిన మనిషికి ఇలా జరగడం నాకు బాధగా ఉంటుంది, అందుకే ఇంత చెబుతున్నాను.

నిజమైన లింకులు ఆలస్యంగా వస్తాయి. స్కేలుతో కొలిచే ఆ పేజీ ఎవరికైనా పనికొస్తే, ఇంకెవరో అడిగినప్పుడు దాన్నే పంపుతారు. సైక్లింగ్ బృందాల్లో ఎవరైనా చైన్ గురించి అడిగితే జవాబు అక్కడే పూర్తిగా చెప్పండి. ఫొటోలు చూడాలంటే ఇదిగో అని ఆ తర్వాత లింకు ఇవ్వండి. సంబంధం లేని చోట్ల లింకులు వదిలి రావడం మాత్రం వద్దు.

ఏఐ వ్యాసాల గురించి అడిగారు. ఎలా రాశారన్నది కాదు, ఎంత పనికొస్తుందన్నదే చూస్తామని గూగుల్ 2023 ఫిబ్రవరిలో చెప్పింది. అయితే ర్యాంకుల కోసమే గుట్టలుగుట్టలుగా పేజీలు ఉత్పత్తి చేయడాన్ని 2024 మార్చిలో స్పామ్ విధానాల్లో చేర్చింది, అవి యంత్రం రాసినా మనిషి రాసినా సరే. అక్షరదోషాలు దిద్దించుకోవడానికి, శీర్షికలకు నాలుగు ఆలోచనలు అడగడానికి ఏఐని వాడుకోండి, తప్పేం లేదు. కానీ సైకిల్‌ని ఎన్నడూ ముట్టుకోని దానితో రెండొందల వ్యాసాలు రాయించి మీ నలభై వ్యాసాల పక్కన పెడితే, మీ చేతి పని ఆ గుంపులో కలిసిపోతుంది. నా మాట వింటే వద్దు.

ఇక డొమైన్ పేరు. మార్చకండి. పేరులో సైకిల్ అన్న మాట ఉన్నంత మాత్రాన ర్యాంకు మీద ప్రభావం దాదాపు ఏమీ ఉండదని గూగుల్ కొత్తవాళ్ల కోసం రాసిన గైడ్‌లోనే ఉంది. జనానికి గుర్తుండే పేరైతే చాలు. వేరే కారణంతో ఎప్పుడైనా మార్చాల్సి వస్తే, ప్రతి పాత పేజీ నుంచి దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్, అంటే పాత చిరునామాకి వచ్చినవాళ్లని శాశ్వతంగా కొత్తదానికి మళ్లించే ఏర్పాటు, పెట్టండి, అన్నింటినీ హోమ్‌పేజీకి మళ్లించొద్దు. సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు తెలియజేయండి. కనీసం ఏడాది పాటు పాత డొమైన్‌ని వదులుకోకుండా ఆ రీడైరెక్ట్‌లు అలాగే ఉంచండి.